పాలు పితికే మనిషి ఆరోగ్యం: పాఠకుల ప్రశ్నలు, నిపుణుల జవాబులు

గేదె ఒక పూట మేత మానేస్తే సాయంత్రానికల్లా పశువైద్యుడు కొట్టంలో ఉంటాడు. దాన్ని చూసుకునే మనిషికి పది రోజులుగా జ్వరం వస్తున్నా మెడికల్ షాపు బిళ్లలతోనే సరిపెడుతున్నారు. ఈ నెల మాకందిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఆ మనిషి గురించే. పశువైద్యులు, మనుషుల వైద్యులు కలిసి రాసిన జవాబులివి. అన్నిటికీ వర్తించే మాట ఒకటి ముందే చెబుతాం: ఏ జబ్బుతో ఏ ఆసుపత్రికి వెళ్లినా "నేను పశువుల దగ్గర పనిచేస్తాను" అని మీరే చెప్పండి. డాక్టరు అడగకపోవచ్చు.

మా గేదె ఏడో నెలలో ఈసుకుపోయింది (నెలలు నిండకుండానే దూడను పడేసింది). మాయ పడకపోతే మా ఆయన వట్టి చేత్తోనే లాగేశారు. నెల తిరక్కుండానే ఆయనకు సాయంత్రం పూట జ్వరం, రాత్రి చెమటలు, నడుం నొప్పి మొదలయ్యాయి. టైఫాయిడ్ అని మందులు వాడాం. తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తోంది. గేదెకు జరిగినదానికీ దీనికీ సంబంధం ఉందంటారా?
— ఒక పాఠకురాలు, ప్రకాశం జిల్లా

ఉండే అవకాశం చాలా ఎక్కువ. చూడి పశువు ఐదారు నెలలు దాటాక ఈసుకుపోతే మొదట అనుమానించాల్సింది బ్రూసెల్లోసిస్‌ని. దీన్నే ఈసుడు రోగం అంటారు. ఈసుకుపోయిన దూడలో, మాయలో, ఉమ్మనీటిలో ఈ సూక్ష్మజీవి లెక్కలేనంతగా ఉంటుంది. చేతి మీద గడ్డి కోసుకున్న గీత ఉన్నా, కంట్లో ఒక చుక్క చిందినా ఒంట్లోకి వెళ్తుంది. సోకాక జ్వరం రావడానికి 1 నుంచి 4 వారాలు, ఒక్కోసారి కొన్ని నెలలు పడుతుంది. అప్పటికి గేదె సంగతి అందరూ మరిచిపోయి ఉంటారు.

పొద్దున బాగానే ఉండి సాయంత్రానికి ఒళ్లు కాలడం, చొక్కా తడిసేంత చెమటలు, నడుం, తుంటి, మోకాళ్ల నొప్పులు, మగవాళ్లలో వృషణాల వాపు దీని గుర్తులు. వైడాల్ పరీక్షలో కొద్దిగా పాజిటివ్ వస్తే టైఫాయిడ్ అనుకుని వారం రోజులు మందులిస్తారు. ఆ మందులకు జబ్బు కొంత అణుగుతుందే గాని పోదు. మీ ఆయన్ని జిల్లా ఆసుపత్రికో మెడికల్ కాలేజీ ఆసుపత్రికో తీసుకెళ్లి, మాయ లాగిన సంగతి దాచకుండా చెప్పండి. ముందు రోజ్ బెంగాల్ పరీక్ష, అందులో పాజిటివ్ వస్తే ట్యూబ్ అగ్లూటినేషన్ పరీక్ష చేస్తారు. ఆ పరీక్షలో వచ్చే స్థాయి 1:160 గాని అంతకు మించి గాని ఉండి, లక్షణాలు కూడా కలిస్తే చికిత్స మొదలుపెడతారు. రక్తం కల్చర్‌కు (సూక్ష్మజీవిని పెంచి చూసే పరీక్షకు) పంపితే చీటీ మీద "బ్రూసెల్లా అనుమానం" అని తప్పకుండా రాయించండి. ల్యాబ్ సిబ్బందికి కూడా సులువుగా సోకే జబ్బు ఇది, వాళ్లు జాగ్రత్త పడాలి. ఆ కల్చర్‌ను మామూలు కంటే ఎక్కువ రోజులు ఉంచి చూడాలి కూడా.

సాధారణంగా డాక్సీసైక్లిన్ 100 మి.గ్రా. రోజుకు 2 సార్లు 6 వారాలు, దానికి తోడు రిఫాంపిసిన్ 6 వారాలు గాని స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లు 2–3 వారాలు గాని ఇస్తారు. గర్భిణులకు, 8 ఏళ్లలోపు పిల్లలకు మందులు వేరు. జబ్బు వెన్నెముకకు పాకితే 3 నెలలైనా వాడాలి. జ్వరం రెండో వారంలోపే పోతుంది, అక్కడే చాలామంది మందు ఆపేస్తారు. తిరగబెట్టేదీ అందుకే. ఒక్క మందుతో సరిపెట్టినా ఇదే జరుగుతుంది. ఇంట్లో ఆ గేదె పాలు కాచకుండా తాగినవాళ్లు, పితికిన వెంటనే నురుగు పాలు తాగే అలవాటున్నవాళ్లు ఉంటే వాళ్లనూ చూపించండి.

ఇకముందు పశువు ఈసుకుపోతే ఏం చేయాలో పనివాళ్లకు ముందే చెప్పి పెట్టాలి. గర్భిణులు, పిల్లలు ఆ చుట్టుపక్కలకే రాకూడదు. భుజం దాకా వచ్చే ప్లాస్టిక్ చేతితొడుగులు, వాటి మీద మామూలు రబ్బరు గ్లౌజులు, నీళ్లు ఇంకని ఏప్రాన్, ఎన్‌95 మాస్కు, కళ్లద్దాలు, గంబూట్లు వేసుకున్నాకే ముట్టుకోవాలి. పడని మాయను బలవంతంగా లాగడం పశువుకూ మంచిది కాదు, గర్భసంచి చిరిగి చీము పడుతుంది. పశువైద్యుణ్ణి పిలవండి. పరీక్షకు నమూనా ఆయనే తీసుకుంటారు. దూడను, మాయను, తడిసిన గడ్డిని కలిపి బావికి దూరంగా 4–5 అడుగుల లోతు గుంతలో, కింద ఒక పొర, పైన ఒక పొర సున్నం చల్లి పూడ్చాలి. పెంటదిబ్బ మీద పడేస్తే కుక్కలు ఊరంతా ఈడుస్తాయి. పశువు పడుకున్న చోట ముందు పేడ, రక్తం గోకి తీసేసి, ఆ తర్వాత 1 శాతం సోడియం హైపోక్లోరైట్ పోసి అరగంట ఉంచాలి. 5 శాతం ద్రావణం 1 వంతు, నీళ్లు 4 వంతులు కలిపితే 1 శాతం అవుతుంది. పేడ తీయకుండా పోస్తే మందు పేడకే ఖర్చయిపోతుంది.

4–8 నెలల వయసు పెయ్యదూడలకు జీవితంలో ఒక్కసారి వేసే ఎస్‌19 టీకా ఈ రోగం రాకుండా కాపాడుతుంది. 2019లో మొదలైన జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమం కింద ఉచితంగా వేస్తున్నారు. అయితే అది బతికున్న సూక్ష్మజీవితో చేసిన టీకా. దూడ గింజుకుని సూది మనిషికి గుచ్చుకుంటే ఆ మనిషికీ జబ్బు రావచ్చు. గుచ్చుకున్న చోటు వెంటనే సబ్బుతో కడిగి, టీకా సీసా పట్టుకుని ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. జ్వరం వచ్చేదాకా ఆగకుండా ముందుజాగ్రత్తగా 3 వారాలు మందులు ఇస్తారు.

40 గేదెల షెడ్డు మాది. పేడనీళ్ల ట్యాంకు 9 అడుగుల లోతు, పైన శ్లాబు. అడుగున మడ్డి పేరుకుంది. ఇద్దరు కూలీలను దింపి తీయిద్దామనుకుంటున్నాం. దీపం దించి చూసి, ఆరకపోతే దిగవచ్చా?
— పాడి రైతు, కృష్ణా జిల్లా

దింపకండి. దీపం కూడా దించకండి. దీపం ఆరలేదంటే ఆక్సిజన్ కొంత ఉందని మాత్రమే అర్థం. మనిషిని చంపేది అక్కడుండే హైడ్రోజన్ సల్ఫైడ్, దాన్ని దీపం పట్టలేదు. పైగా అదే ట్యాంకులో మీథేన్ ఉంటుంది, నిప్పు తగిలితే పేలుతుంది.

హైడ్రోజన్ సల్ఫైడ్ గాలి కంటే బరువు, అడుగునే నిలుస్తుంది. 1 పీపీఎం (గాలిలో పది లక్షల వంతుల్లో ఒక వంతు) కంటే తక్కువ ఉన్నప్పుడే కుళ్లిన గుడ్ల కంపు కొడుతుంది. 100 పీపీఎం చేరేసరికి ముక్కు మొద్దుబారి కంపే తెలియదు. దిగిన మనిషి "ఇప్పుడు వాసన తగ్గింది" అంటే గ్యాస్ తగ్గిందని కాదు, ముక్కు పనిచేయడం మానేసిందని. 500 దాటితే నిమిషాల్లో కూలిపోతాడు, 700–1000 దగ్గర ఒకటి రెండు ఊపిర్లకే ప్రాణం పోతుంది. ఇంకో సంగతి: కదపనంతసేపు గ్యాస్ మీటరులో అంతా బాగానే చూపించవచ్చు. మడ్డిని పారతో కదిపిన క్షణంలో అందులో చిక్కుకున్న గ్యాస్ ఒక్కసారిగా బయటికొస్తుంది. అందుకే దిగేటప్పుడు ఏమీ కాని మనిషి పని మొదలుపెట్టిన కాసేపటికి పడిపోతాడు.

మనుషులు దిగకుండానే మీ పని అవుతుంది. ఒక రోజు ముందు మూతలన్నీ తీసి, చుట్టూ తాడు కట్టి ఎవరూ రాకుండా చూడండి. పశువులను కూడా దూరంగా కట్టండి, షెడ్డు కింద ట్యాంకు ఉంటే అవి కూడా చస్తాయి. పైనుంచి నీళ్లు పోసి మడ్డిని పలుచన చేసి, స్లర్రీ పంపుతో గాని, మున్సిపాలిటీలోనో ప్రైవేటుగానో దొరికే సెప్టిక్ ట్యాంకు లారీతో గాని తోడించండి. కలిపేటప్పుడు, తోడేటప్పుడు గాలి ఎటు నుంచి వస్తుందో ఆ వైపు నిలబడాలి. మొదటి అరగంట అందరూ దూరంగా ఉండటం మంచిది. బీడీ, సెల్‌ఫోన్ లైటు, వెల్డింగ్ ఏవీ దగ్గర ఉండకూడదు.

లోపల మరమ్మతు ఉండి దిగక తప్పకపోతే అది మామూలు కూలీల పని కాదు. ఆక్సిజన్, పేలే వాయువు, హైడ్రోజన్ సల్ఫైడ్, కార్బన్ మోనాక్సైడ్ నాలుగూ చూపే మీటరు, అడుగుదాకా గాలి కొట్టే బ్లోయరు, ముక్కాలి స్టాండుకు కట్టిన తాడు, నడుముకు, భుజాలకు బెల్టు, పైన ఇద్దరు మనుషులు, విడిగా గాలి సరఫరా ఉన్న మాస్కు ఉండాలి. ఆక్సిజన్ 19.5 శాతం కంటే తక్కువ ఉంటే దిగకూడదు. గుడ్డ మాస్కు, ఎన్‌95 మాస్కు గ్యాస్‌ను ఆపవు.

ఒక మాట షెడ్డు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి: లోపల ఎవరైనా పడిపోతే వెనక దూకవద్దు. ఇలాంటి ప్రమాదాల్లో తమ్ముణ్ణి తీయబోయి అన్న, కొడుకును తీయబోయి తండ్రి పోతున్నారు. బ్లోయరు గొట్టం లోపలికి వదిలి, 101కీ, 108కీ ఫోన్ చేసి, బెల్టు తాడు ఉంటే పైనుంచే లాగాలి. గోబర్ గ్యాస్ డైజెస్టర్ శుభ్రం చేసేటప్పుడూ ఇవే జాగ్రత్తలు. పాతర గడ్డి గుంతకు కూడా మొదటి 3 వారాలు దూరం పాటించండి. పసుపు, గోధుమ రంగు పొగలా కనిపించే నైట్రోజన్ డయాక్సైడ్ అప్పుడే పుడుతుంది.

రోజూ రెండు పూటలా 8 గేదెల పాలు పితుకుతాను. ఆర్నెల్ల నుంచి కుడి బొటనవేలి మొదట్లో పోటు. చెంబు ఎత్తలేకపోతున్నాను.
— ఒక పాఠకురాలు, నల్గొండ జిల్లా

బొటనవేలిని లోపలికి మడిచి, దాని కణుపుతో చన్నును నొక్కి పితుకుతున్నారేమో గమనించుకోండి. గేదె చన్ను కండరం ఆవుకన్నా గట్టిది కాబట్టి ఇలా పితికేవాళ్లు చాలామంది ఉంటారు. ఆ కణుపు చన్ను లోపలి పొరను నలిపి పొదుగువాపుకు దారి తీస్తుంది, మీ బొటనవేలిని కదిపే స్నాయువు (కండరాన్ని ఎముకకు కలిపే తాడు) తొడుగునూ వాపెక్కిస్తుంది. సరైనది పిడికిలి పద్ధతి. చన్ను పైభాగాన్ని బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టి పాలు పైకి పోకుండా మూసి, తర్వాత నడిమి వేలు, ఉంగరపు వేలు, చిటికెన వేలు వరసగా మూస్తూ రావాలి. కిందికి లాగే పని లేదు. మొదటి వారం చేయి మొండికేస్తుంది, పాలు కూడా ఆలస్యమవుతాయి. ఒకటి రెండు నెమ్మది గేదెలతో మొదలుపెట్టి అలవాటు చేసుకోండి. చన్నులు బాగా చిన్నవైతే రెండు వేళ్లతో పిండక తప్పదు, అప్పుడు కూడా కణుపు మడవకండి.

నొప్పి ఎక్కడిదో ఇంట్లోనే చూసుకోవచ్చు. బొటనవేలిని అరచేతిలో పెట్టి పిడికిలి బిగించి, మణికట్టును చిటికెన వేలి వైపు వంచండి. బొటనవేలి మొదట్లో చురుక్కుమంటే అది అక్కడి స్నాయువుల తొడుగు వాపు. 3–4 వారాలు బొటనవేలిని కదలనివ్వని పట్టీ వేసుకుని, ఆ చేతికి పితికే పని తగ్గిస్తే చాలామందికి నయమవుతుంది. తగ్గకపోతే ఎముకల డాక్టరు ఆ తొడుగులో ఒక ఇంజెక్షన్ ఇస్తారు. అలా కాకుండా రాత్రిళ్లు వేళ్లు తిమ్మిరెక్కి, చేయి విదిలిస్తే గాని పోకపోతే అది మణికట్టు నరం నొక్కుకోవడం. దాన్ని నిర్లక్ష్యం చేస్తే పట్టు పోతుంది.

మీ చేతికి పని తగ్గించేది గేదె చేపడమే, అంటే పాలు దింపడమే. గోరువెచ్చని నీళ్లతో పొదుగు కడిగి ఒక నిమిషం నిమిరి, చేపగానే మొదలుపెట్టి 5–7 నిమిషాల్లో ముగించండి. ఆ తర్వాత మిగిలిన పాలకు చేతుల బలమంతా పోతుంది. గొంతుకూర్చుని కాక అడుగు ఎత్తు పీట మీద కూర్చుంటే నడుం, మోకాళ్లు బతుకుతాయి. 8 గేదెలంటే రోజుకు 16 సార్లు, ఒక్క మనిషికి ఇది ఎక్కువే. బకెట్ రకం చిన్న మిల్కింగ్ మిషన్‌కు మీ కొట్టం సరిపోతుంది. యజమానితో ఆ మాట మాట్లాడవలసిందే.

గేదె పొదుగు మీద బొబ్బలు వచ్చాయి. పది రోజులకు పనివాడి చేతుల మీద కూడా వచ్చాయి. ఇది లంపీ స్కినా?
— డెయిరీ యజమాని, కరీంనగర్

కాదు. పశువుల్లో ముద్దచర్మ వ్యాధి (లంపీ స్కిన్) మనుషులకు రాదు. ఇది గేదెల మశూచి గాని, పాలు పితికేవాళ్లకు వచ్చే ఇంకో రకం పొక్కు గాని అయి ఉంటుంది. పుండు కొన్ని వారాల్లో దానంతటదే మానుతుంది. గోకకుండా, పొడి గుడ్డ కట్టి ఉంచాలి. జ్వరం, చంకలో బిళ్ల కడితే డాక్టరుకు చూపించాలి. మానేదాకా అతన్ని పాలు పితకనివ్వకండి, జీతం కోయకండి. జీతం పోతుందంటే పుండు దాచుకుని పితుకుతాడు, మిగతా గేదెలన్నిటికీ అంటుతుంది. జబ్బు గేదెను చివర పితికి, చేతులు సబ్బుతో కడగాలి.

గోమార్లకు మందు కొట్టిన సాయంత్రం మా పాలేరు మత్తుగా పడిపోయాడు. నాటు వైద్యుడు మజ్జిగ పట్టమన్నాడు. ఏ మందులకు ఇలా అవుతుంది?
— రైతు, అనంతపురం జిల్లా

గోమార్లకు కొట్టే మందుల్లో ఒకటైన అమిట్రాజ్ ఒంట్లోకి వెళ్తే మత్తు, నాడి నెమ్మదించడం, బీపీ పడిపోవడం, రక్తంలో చక్కెర పెరగడం కనిపిస్తాయి. దీనికి విరుగుడు మందు లేదు, ఊపిరి, బీపీ చూసుకుంటూ ఒకటి రెండు రోజులు ఆసుపత్రిలో ఉంచితే తేరుకుంటారు. ఇక్కడ ఒక చిక్కుంది. కంటిపాప చిన్నదవడం, నాడి తగ్గడం చూస్తే పురుగుమందు తాగిన కేసులా కనిపిస్తుంది, దానికిచ్చే మందులే ఇచ్చే ప్రమాదం ఉంది. కాబట్టి సీసా వెంట తీసుకెళ్లి డాక్టరు చేతికివ్వండి. మజ్జిగ పట్టడం, వాంతి చేయించడం రెండూ వద్దు. మందులో కలిపే ద్రావకం ఊపిరితిత్తుల్లోకి పోతే అది ఇంకో ప్రాణాపాయం.

12.5 శాతం అమిట్రాజ్ లీటరు నీటికి 2 మి.లీ. చాలు. మూతతో ఉజ్జాయింపుగా పోయకుండా సిరంజితో కొలవండి. మూసిన కొట్టంలో కాక ఆరుబయట, గాలికి వీపు పెట్టి, నైట్రిల్ గ్లౌజులు, నిండు చేతుల చొక్కా, కళ్లద్దాలతో, పొద్దున చల్లటి వేళ కొట్టాలి. మధుమేహం ఉన్నవారికి ఈ పని అప్పగించవద్దు. పని కాగానే స్నానం, ఆ బట్టలు విడిగా ఉతకడం. ఖాళీ సీసాను కుడితికి, పాలకు వాడే ఇల్లు ఇంకా ఉంది. దయచేసి పగలగొట్టి పూడ్చండి.

ఈ సందర్భంలోనే మరొకటి. పశువును ఎదకు తేవడానికి వేసే క్లోప్రోస్టెనాల్ ఇంజెక్షన్ చర్మం గుండా కూడా ఒంట్లోకి వెళ్తుంది. గర్భిణికి గర్భస్రావం, ఆయాసం ఉన్నవారికి ఊపిరాడకపోవడం కలగవచ్చు. గోపాలమిత్ర (ఊళ్లో పశువులకు సూదులు వేసే కార్యకర్త) సూది వేస్తున్నప్పుడు గర్భిణులు పశువును పట్టుకోవద్దు, ఆ సిరంజిని ముట్టుకోవద్దు.

చాఫ్ కట్టర్‌లో (గడ్డి ముక్కలు చేసే మిషన్‌లో) వేలు తెగితే తిరిగి అతికిస్తారా? అసలు తెగకుండా ఏం చేయాలి?
— పాఠకుడు, చిత్తూరు జిల్లా

అతికించే అవకాశం ఉంది, తెగిన వేలును ఎలా తెచ్చారన్న దాన్ని బట్టి. గాయం మీద శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి, చేయి పైకెత్తి పట్టుకోండి. తాడుతో బిగించి కట్టవద్దు. తెగిన వేలును నీళ్లతో కడిగి, తడిపి పిండిన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో మూయండి. ఆ సంచిని ఐసు, నీళ్లు కలిపిన ఇంకో సంచిలో పెట్టండి. ఐసు నేరుగా తగిలితే కణాలు చచ్చిపోతాయి. పసుపు, కాఫీపొడి, సున్నం పెడితే అతికించడానికి ఏమీ మిగలదు. ప్లాస్టిక్ సర్జన్ ఉన్న ఆసుపత్రికి 6 గంటల్లోపు చేరాలి. దారిలో అన్నం, నీళ్లు ఇవ్వవద్దు, మత్తు ఇవ్వాల్సి ఉంటుంది.

వేళ్లు తెగేది రెండు సందర్భాల్లో: చివరి గుప్పెడు పొట్టి గడ్డిని తోసేటప్పుడు, ఇరుక్కున్న కట్టను లాగేటప్పుడు. గడ్డి పెట్టే తొట్టి రోలర్ల దాకా చేయి అందనంత పొడవు ఉండాలి, రోలర్ల వైపు భాగం పైన మూసి ఉండాలి. చివరి గుప్పెడును మరో కట్టతో గాని కర్రతో గాని తోయాలి. ఇరుక్కుంటే రివర్స్ లీవరు వాడాలి. లీవరు లేని పాత మిషన్ అయితే స్విచ్ ఆపి, ఫ్లైవీలు పూర్తిగా ఆగాక, దానికి పిన్ను వేసి ఆ తర్వాతే చేయి పెట్టాలి. స్విచ్ ఆపినా ఫ్లైవీలు ఇంకా తిరుగుతూనే ఉంటుంది, వేళ్లు పోయేది ఆ తిరుగుడులోనే. మొండి కత్తి గడ్డిని కోయక లాక్కుంటుంది, కాబట్టి సాన తప్పకుండా పట్టించాలి. కొంగు, చున్నీ నడుముకు బిగించాలి, బెల్టుకు కవరు ఉండాలి. తడి నేల మీద నడిచే ఈ మోటారుకు, మిల్కింగ్ మిషన్‌కు ఎర్తింగ్‌తో పాటు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్) పెట్టించండి. మామూలు ఫ్యూజు తీగను కాపాడుతుంది గాని మనిషిని కాదు.

దూడ చొంగ కారుస్తూ నీళ్లు మింగలేకపోతే గొంతులో ఏదో ఇరుక్కుందని మా అబ్బాయి చేయి పెట్టి వెతికాడు. మూడో రోజు అది చచ్చిపోయింది. నెల క్రితం కుక్క కరిచిందని ఇప్పుడు తెలిసింది.
— ఒక తల్లి, శ్రీకాకుళం జిల్లా

ఈ పత్రిక చదివేలోపే ఆసుపత్రికి వెళ్లి ఉండాలని కోరుకుంటున్నాం. వెళ్లకపోతే ఇప్పుడే వెళ్లండి. రేబిస్ వచ్చిన పశువు గొంతు కండరాలు చచ్చుబడి మింగలేదు, అది ఏదో అడ్డుపడినట్టే కనిపిస్తుంది. అబ్బాయి చేతి మీద గీతలుంటే అది కుక్కకాటులో మూడో తరగతి, అంటే అన్నిటికంటే తీవ్రమైన, ప్రమాదంతో సమానం. టీకాతో పాటు వెంటనే రక్షణ ఇచ్చే ఇమ్యునోగ్లోబ్యులిన్ మందు కూడా వేయాలి. ప్రభుత్వాసుపత్రుల్లో చర్మంలోకి వేసే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో నాలుగుసార్లు టీకా ఉంటుంది. ఆలస్యమైందని మానకండి, లక్షణాలు రానంతవరకూ వేయించుకోవచ్చు. ఇకమీదట చొంగ కార్చే పశువు నోట్లో ఎవరూ చేయి పెట్టకూడదు. లాలాజలం తగిలితే ముందు 15 నిమిషాలు సబ్బు నీళ్లతో కడగాలి.

పనివాళ్లకు తక్కువ ఖర్చుతో బీమా ఏముంది?
— డెయిరీ యజమాని, నెల్లూరు జిల్లా

ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనకు ఏడాదికి రూ. 20. బ్యాంకు ఖాతా ఉన్న 18–70 ఏళ్లవారు చేరవచ్చు. ప్రమాదంలో మరణిస్తే, లేదా రెండు చేతులో రెండు కాళ్లో రెండు కళ్లో పోతే రూ. 2 లక్షలు, ఒక చేయి గాని కాలు గాని కన్ను గాని పూర్తిగా పనికిరాకపోతే రూ. 1 లక్ష ఇస్తారు. వేలు తెగితే ఇందులో రాదు, జబ్బుకు కూడా రాదు. యంత్రాలతో పని చేయించే యజమానిపై పరిహారం బాధ్యత విడిగా ఉంటుంది, ఈ బీమా దానికి బదులు కాదు. ప్రీమియం ఏటా మే నెలాఖరులో ఖాతాలోంచి తీసుకుంటారు. ఖాతాలో అప్పుడు రూ. 20 లేకపోతే పాలసీ ఆగిపోతుంది. మే 25కే పనివాళ్లందరి పాసుపుస్తకాలు తెప్పించి చూడండి.